యవనమూలకపదములు: నిరుక్తివిమర్శనము

మధిర ఖమ్మము జిల్లాలో నొక మండలకేంద్రము. ప్రభుత్వపుఁ గాగితములలో దానిని వ్యవహరించు తీరిది. ఆ యూరనే రైలు దిగి నాలుగు బాటలు గలియు చోటికిఁ ద్రోవ యడిగినచో జనులు 'సెంటరు'నకుఁ బొమ్మని చెప్పుదురు. కేంద్రము సంస్కృతశబ్దము గనుక గ్రంథార్హమనియు, సెంటరు ఇంగ్లీషుమాట గనుక వీథిలోనిదనియు మనము తలఁచుచున్నాము. విచారింపఁగా నీ రెండును నొకే శబ్దము. యవనభాష, అనఁగా ప్రాచీనమగు గ్రీకుభాషయందలి 'కెంత్రోన్' అను మాట యొక త్రోవను దూర్పునకు వచ్చి కేంద్రమైనది. అదియే మఱొక త్రోవను బడమటికిఁ బోయి, లాటినులోను ఫ్రెంచిలోను బస చేసి, ఇంగ్లీషువారి వెంట మరల మనదేశమునకు వచ్చి సెంటరైనది. ఇవి రెండును అన్నదమ్ములు గావు. ఒక్కఁడే రెండు వేషములతో రెండు మాఱులు మన యింటికి వచ్చినాఁడు.

ఇట్టి పదములను విచారించుటలో మన పండితులయందు రెండు పక్షములు గానవచ్చుచున్నవి. లోకమందలి భాషలెల్ల సంస్కృతమునుండియే పుట్టినవి గనుక, ఇంగ్లీషుపదమునకు సంస్కృతపదముతోఁ బోలిక గనఁబడినచోట నెల్ల ధాతువును జూపి యూరకుండవచ్చునని యొక పక్షము. పాశ్చాత్యనిఘంటువులను జదివి, సంస్కృతమున గ్రీకుపోలిక గలదెల్ల యవనుల యొద్ద నెరవు దెచ్చినదే యని రెండవ పక్షము. ఈ రెండును బరస్పరవిరుద్ధములుగాఁ దోఁచినను మూలదోష మొక్కటియే. పోలికను జుట్టఱికమని మొదటివారు భ్రమించిరి. చుట్టఱికమును ఋణమని రెండవవారు భ్రమించిరి.

ఒక భాషాపదమునకు మఱొక భాషాపదముతోడి సామ్యము మూఁడు విధములు. ఒకే పూర్వభాషనుండి రెండు భాషలును వారసత్వముగాఁ బొందినది సహజన్మసంబంధము. ఒక భాష మఱొకదానినుండి పుచ్చుకొన్నది యాదానసంబంధము. ఏ సంబంధమును లేక చెవికి మాత్ర మొకటిగా వినవచ్చునది యాదృచ్ఛికసామ్యము. ఏది యేదియో నిర్ణయించుటకుఁ జెవి ప్రమాణము గాదు. ధ్వనిమార్పులలోని నియమమును, ప్రయోగచరిత్రయును, అర్థౌచిత్యమును ప్రమాణములు. కొన్ని గ్రీకుపదకుటుంబముల నెత్తికొని యీ ప్రమాణములను బరీక్షించుట యీ వ్యాసమునకు విషయము.

కేంద్రము

గ్రీకుభాషలో 'కెంతేయిన్' అనఁగాఁ బొడుచుట, గ్రుచ్చుట. దానికి 'త్రోన్' అను ప్రత్యయము చేరఁగాఁ గెంత్రోన్. పొడుచుటకు సాధనమైనది యని యర్థము. ఈ ప్రత్యయము వైయాకరణునకుఁ గ్రొత్తది గాదు. నేత్రము, శస్త్రము, పాత్రము అనుచోట్లఁ గరణార్థమున వచ్చు మన ష్ట్రన్ ప్రత్యయమునకు నది సహజన్మ. హోమరు కావ్యములనాఁటికే కెంత్రోన్ అనఁగాఁ బశువులను దోలు ములుకోల. పిమ్మట గణితజ్ఞులు వృత్తమును గీయునప్పుడు నేలఁ గ్రుచ్చిన కంపాసు ముల్లునకును, ఆ ముల్లు గ్రుచ్చిన బిందువునకును నదే పేరు పెట్టిరి. తెలుఁగున మనమును ములుకోలయందలి దానిని, కంపాసునందలి దానిని, గడియారమందలి దానినిఁ గూడ ముల్లనియే యనుచున్నాము. గ్రీకులు చేసిన యర్థవిస్తరమును గ్రహించుటకుఁ దెలుఁగువానికిఁ గష్టము లేదు.

ఈ మాట లాటినునఁ గెంత్రుమై, ఫ్రెంచిలో సాంత్రై, ఇంగ్లీషున సెంటరైనది. కాన్‌సెంట్రిక్ అనఁగా నొకే ముల్లుచుట్టును గీచిన వృత్తములకు విశేషణము. ఎక్సెంట్రిక్ అనఁగా ముల్లు నడుమ గాక తొలఁగియున్నది. 'ఎక్' అను నుపసర్గమునకు వెలుపల నని యర్థము. టాలమీ మొదలగు యవనజ్యౌతిషికులు గ్రహగతిని సాధించుటకు భూమి నడుమ లేని వృత్తమును గల్పించి దాని కా పేరు పెట్టిరి. తరువాత నింగ్లీషువారు నలుగురి నడవడికి నెడమై నడచు మనుష్యునిఁ గూడ ఎక్సెంట్రిక్ అనిరి. గ్రహముల వక్రగతినుండి మనము మనుష్యుల వక్రబుద్ధికి వచ్చినట్లే యిదియు.

మన జ్యోతిషమునఁ గేంద్రమనఁగా జాతకమున లగ్నచతుర్థసప్తమదశమస్థానములు. సిద్ధాంతగ్రంథములలో గ్రహస్ఫుటసాధనమునకు వలయు నొక కోణపరిమాణము. ఇంగ్లీషున సకారమైన తొలివర్ణము సంస్కృతమునఁ గకారముగానే నిలిచినది. మూలధ్వనిని మనవారే యెక్కువ నమ్మకముగాఁ గాపాడిరి. నకారముతరువాతి తకారము దకారమగుట మాత్రమే మార్పు. అనునాసికముతరువాతఁ బరుషము సరళమగుట తెలుఁగువ్యాకరణము చదివినవారికి ద్రుతసంధివలనఁ బరిచితమైన విషయమే. ఆ సూత్రమే యిచ్చటఁ బ్రవర్తించినదని కాదు. అట్టి మార్పు నోటికి సహజమని చెప్పుటకే యీ యుదాహరణము.

యవనులే మనయొద్దఁ గేంద్రశబ్దమును గైకొనరాదా యని యొక యాక్షేపము. ఉత్తరము సులభము. గ్రీకున నీ పదమునకు సజీవమగు ధాతువు గలదు, పశువులను దోలుటనుండి వృత్తమధ్యమువఱకుఁ గ్రమముగా సాగిన యర్థచరిత్ర గలదు. సంస్కృతమున వేదమునఁ గేంద్రశబ్దము లేదు; దానికి సహజమగు ధాతువును లేదు; తొలుతనే శాస్త్రపరిభాషగాఁ గానవచ్చినది. పుట్టినయింట బాల్యమును గూడ నుండును. వచ్చినయింటఁ బెద్దతనమే కనఁబడును.

లిప్త

లిప్తపాటు అనఁగా క్షణమాత్రమని తెలుఁగున వాడుదుము. జ్యోతిషమున లిప్త భాగలో నఱువదవవంతు. వైయాకరణుని కీ పదము పెద్ద పరీక్ష. ఎందుకనఁగా రూపసిద్ధి నిర్దుష్టముగాఁ గుదురును: లిప్ ధాతువునకుఁ క్తప్రత్యయము చేర్చి, స్త్రీలింగమున టాప్ చేర్చినచో లిప్తా యగును. ఏ సూత్రమునకును భంగము లేదు. కాని యర్థ మేమి? పూయఁబడినది! భాగయొక్క యఱువదవవంతును, కనుఱెప్పపాటును బూయఁబడినదనుట యెట్లు పొసఁగును? లక్షణచేతఁ బొసఁగింతమన్నను ముఖ్యార్థసంబంధ మొకటి కావలయును గదా.

గ్రీకున 'లెప్తోస్' అనఁగా సన్ననిది, చిన్నది. వృత్తభాగను విభజించిన చిన్న యంశములకు యవనజ్యౌతిషికులు 'లెప్తా' యని బహువచనమునఁ బేరిడిరి. రూప మదే, యర్థ మదే, శాస్త్ర మదే. వానకాలమున వచ్చు లెప్టోస్పైరోసిస్ అను జ్వరముపేరిట నాదియం దున్నదియు నీ సన్నఁదనమే. సన్నని మెలికలు గల సూక్ష్మజీవివలనఁ గలుగుటచే దాని కా పేరు. పంచాంగమందలి లిప్తయు, ఆసుపత్రియందలి లెప్టో యును నొకటే మూలమునకుఁ జెందినవని మన విద్యార్థికిఁ జెప్పినచో నాతఁడు రెంటిని మఱవఁడు. పూయఁబడినదని చెప్పినచో దేనిని నమ్మఁడు. ఇందువలనఁ దేలిన దేమనఁగా, ప్రక్రియ రూపమును సాధించును గాని చరిత్రను సాధింపఁజాలదు. రూపసిద్ధినిఁ జూపి యర్థసిద్ధి యైనదనుట తర్కము గాదు.

హోర

ఇంగ్లీషున అవర్ అనఁగా గంట. హారస్కోప్ అనఁగా జాతకచక్రము. రెండును గ్రీకుభాషలోని 'హోరా' శబ్దమునుండి వచ్చినవి. ఋతువు, సమయము, పగటియందలి యొక భాగము అని దాని కర్థములు. హారస్కోప్ అను మాటలోని రెండవభాగము 'స్కోపోస్', చూచువాఁడని యర్థము. జన్మసమయమును గనిపెట్టునది యని సమాసార్థము. ఇంగ్లీషున సంవత్సరవాచకమగు ఇయర్ అను పదము హోరాశబ్దమునకు సహజన్మమే కాని దానినుండి పుచ్చుకొన్నది గాదు. కాఁబట్టి యొకే యింగ్లీషుభాషలో అవర్ ఎరవుసొత్తు, ఇయర్ వారసత్వము.

మన జ్యోతిషమున హోర యనఁగా రాశిలో సగము, దినమున నిరువదినాల్గవవంతు, జాతకశాస్త్రము కూడ. అహోరాత్రశబ్దమునఁ దొలియక్షరమును, కడపటియక్షరమును లోపింపఁగా హోరాశబ్ద మేర్పడెనని మన జ్యోతిషపాఠములలోఁ జెప్పుదురు. దీనికి వరాహమిహిరుని బృహజ్జాతకము నాధారముగాఁ జూపుదురు. నేనును జాలకాలము విద్యార్థుల కట్లే చెప్పితిని. గ్రంథమును మరల నిదానముగాఁ జూచినపుడు నాకుఁ దెలిసినది: ఆచార్యుఁ డా వ్యుత్పత్తిని దన మతముగాఁ జెప్పలేదు, కొందఱి యభిప్రాయమని చెప్పి విడిచెను. ఆ 'కొందఱు' అను మాటను మేమే పాఠమునఁ ద్రోసివేసి, యాచార్యునిపేర సిద్ధాంతమును నిలిపితిమి. దోషము వరాహమిహిరునిది గాదు, మాది.

వ్యాకరణదృష్టితోఁ జూచినను, అహోరాత్రశబ్దమున నాద్యంతవర్ణములకు లోపము విధించు సూత్రము లేదు. పృషోదరాదులలోఁ జేర్తమందురా? ఆ సూత్రమందలి 'యథోపదిష్ట' శబ్దమును మఱవరాదు. శిష్టు లుచ్చరించిన రూపము నంగీకరించుటకుఁ బాణిని యా ద్వారమును దెఱచెను గాని, మనకుఁ దోఁచిన వ్యుత్పత్తి కెల్ల శరణాలయముగాఁ గాదు. పృషోదరాదిగణమున నిట్లు చేర్చుకొనుచుఁ బోయినచో లోకమున నే శబ్దము నే శబ్దమునుండి పుట్టదు?

వరాహమిహిరుఁడు యవనఋణమును దాఁచినవాఁడు గాఁడు. యవనులు మ్లేచ్ఛులైనను జ్యోతిషము వారియందు బాగుగా నెలకొన్నది గనుక వారును ఋషులవలెఁ బూజింపఁబడుదురని బృహత్సంహితలోఁ జెప్పెను. క్రియ, తావురి, జితుమ మొదలుగా రాశుల యవననామములను బృహజ్జాతకమున నిచ్చెను. ఆఱవ శతాబ్దపు టాచార్యుఁడు నిస్సంకోచముగా నొప్పుకొన్నదానిని మన మేల సంకోచముతోఁ గప్పవలయును?

మీమాంసకుల తీర్పు

ఇది పాశ్చాత్యులు నేర్పిన న్యాయమని యెవరైన నందురేమో. కాదు. పూర్వమీమాంస ప్రథమాధ్యాయ తృతీయపాదమునఁ బికనేమాధికరణ మని యొకటి కలదు. పిక, నేమ, తామరస మొదలగు శబ్దము లార్యులలోఁ బ్రసిద్ధములు గాక మ్లేచ్ఛులలోఁ బ్రసిద్ధములైనపుడు, వాని యర్థమును నిగమనిరుక్తవ్యాకరణములచేఁ గల్పింపవలయునా, మ్లేచ్ఛవ్యవహారమునుండి గ్రహింపవలయునా యని ప్రశ్న. ప్రమాణవిరోధము లేనిచో వ్యవహరించువారినుండియే గ్రహింపవలయునని శబరస్వామి సిద్ధాంతము. పక్షులను బట్టుటయందును బెంచుటయందును మ్లేచ్ఛులే నేర్పరులు గనుక, పికమన నేమియో వారికే బాగుగాఁ దెలియునని యాతని యుపపత్తి. ఏ వస్తువు నెవరు వాడుదురో వారే దాని పేరునకు సాక్షులు.

కుమారిలభట్టు తంత్రవార్తికమున నీ న్యాయమును మనయింటివఱకుఁ దెచ్చెను. ద్రావిడాదిభాషలలో హలంతములైన పదములకుఁ దమకుఁ దోఁచిన యచ్చులను బ్రత్యయములను జేర్చి, సంస్కృతార్థమును గల్పించువారి నాతఁడు పరిహసించెను. అన్నవాచకమగు 'చోర్' శబ్దమును దొంగయను నర్థముగల చోరశబ్దముగాఁ జేయుదురఁట; సర్పవాచకమగు పదమును బాపశబ్దముగాఁ జేయుదురఁట. ఆ సర్పవాచకమునకుఁ దెలుఁగురూపము పాము. అది పాప మెట్లగును? సమీపమందలి ద్రావిడభాషలయందే యింత స్వేచ్ఛాకల్పన యైనచోఁ బారసీక, బర్బర, యవన, రోమకాదిభాషలయం దేమి కల్పింతురో, యేమి గ్రహింతురో తెలియదని కుమారిలుఁ డాశ్చర్యపడెను. యవనభాషను బేర్కొని చెప్పిన యీ హెచ్చరిక పదుమూఁడు శతాబ్దములనాఁటిది. లిప్తను లిప్ ధాతువునకుఁ గట్టువారిని, హోరను అహోరాత్రమునుండి కోయువారిని నాతఁ డప్పుడే చూచినట్లున్నది.

సహజన్మమునకు గుర్తు

ఇఁక రెండవ పక్షమును జూతము. గ్రీకుపోలిక గలదెల్ల నెరవు గాదు. గ్రీకున 'మెత్రోన్' అనఁగాఁ గొలఁత. ఇంగ్లీషున మీటర్, థర్మామీటర్, సిమెట్రీ మొదలగునవి దాని సంతతి. సంస్కృతమున మా ధాతువునకుఁ ద్రన్ప్రత్యయము చేరి మాత్రాశబ్ద మేర్పడును. మెత్రోన్ శబ్దమును మాత్రాశబ్దమును సహజన్మములు. ఒక రింకొకరి యొద్దఁ బుచ్చుకొనలేదు. కాని జామిత్ర మట్టిది గాదు. లగ్నమునుండి సప్తమస్థానమునకుఁ బేరగు నీ శబ్దమును గాళిదాసు కుమారసంభవ సప్తమసర్గారంభమున వివాహప్రకరణమునఁ బ్రయోగించెను. గ్రీకున 'దియామెత్రోస్' అనఁగా వృత్తము నడుమగా నీవలనుండి యావలకుఁ బోవు కొలఁత. రాశిచక్రమున లగ్నమున కెదురుగా వ్యాసపు రెండవకొనయం దున్నది సప్తమము. ఇంగ్లీషున డయామీటర్ అదియే. సప్తమము కళత్రస్థానము గనుక జామిత్రమును జాయాశబ్దముతో ముడివేయుట మనోహరముగాఁ దోఁచును. మనోహరమైనంతమాత్రమున సత్యము గాదు.

ఇప్పుడు తెలుఁగువాని నోట నీ మూఁడు మాటలను జూడుఁడు: మాత్ర, జామిత్రము, మీటరు. మొదటిదానికి యవనశబ్దముతోఁ బుట్టుకచేతఁ జుట్టఱికము. రెండవది జ్యోతిషముతో వచ్చిన ప్రాచీనాదానము. మూఁడవది బట్టలకొట్టునకు వచ్చిన నూతనాదానము. మూల మొక్కటి, సంబంధములు మూఁడు. వీని నొకే గంపలో వేయుటయే మన విమర్శనమందలి లోపము.

సహజన్మమును గుర్తించుట యెట్లు? నియతమగు ధ్వనిమార్పువలన. సంస్కృతమునఁ బదాదిని సకార మున్నచోట గ్రీకున నచ్చు పరమైనపుడు హకారము గానవచ్చును. సప్తకు 'హెప్త', సమకు 'హోమోస్', సర్పించుటకు 'హెర్పేయిన్'. ఒకచోట గాక వరుసగాఁ బెక్కుచోట్లఁ గానవచ్చుటచే నిది నియమము. హెర్పీసు అను రోగమునకు దేహమునఁ బ్రాఁకునది యని యర్థము. దానినే మన తెలుఁగునాట సర్పి యందురు. ఆయుర్వేదమున బ్రాఁకు మఱొక చర్మవ్యాధిని విసర్ప మందురు. సృప్ ధాతువును దెలిసిన పండితుఁడు హెర్పీసు అను మాట వినినంతనే హకారమును సకారముగా మార్చి యర్థమును జెప్పఁగలఁడు. ఇచ్చట ఋణము లేదు. రెండు దేశముల వైద్యు లొకే ధాతువుతో నొకే వ్యాధిలక్షణమును జెప్పిరి.

నఞర్థమందును నీ చుట్టఱికమే. మనకు హల్లు పరమైన నకారము పోయి 'అ' మిగులును, అచ్చు పరమైన 'అన్' అగును. గ్రీకున నట్లే. ఛేదింపరానిది 'అతోమోస్', ఇంగ్లీషున ఆటమ్. అధికారము లేమి 'అనర్ఖియా', ఇంగ్లీషున అనార్కీ. కాని యీ యనార్కీ కడ నొక గోయి గలదు. అరాజకము, అనార్కీ అర్థమున నొకటే గనుక రెండును బూర్తిగా నొకటే యని కొందఱు తొందరపడుదురు. నఞంశ మొకటే, ఉత్తరపదములు వేఱు. గ్రీకుభాషలోని 'అర్ఖే' యనఁగా మొదలు, అధికారము; అది రాజశబ్దమునకుఁ జుట్టము గాదు. రాజశబ్దమునకు లాటినుభాషలోని 'రేక్స్' చుట్టము. ఒకే పదమున సగము బంధుత్వము, సగము సామ్యము.

సూర్యునిపేరు

ఈ భేదము సూర్యనామమున మిక్కిలి స్పష్టమగును. గ్రీకున సూర్యుఁడు 'హేలియోస్'. సకారహకారనియమమును బట్టి నిది మన స్వర్, సూర్యశబ్దములకు సహజన్మము. అయినను వరాహమిహిరుఁడు సూర్యపర్యాయములలో హేళి యని యొకటి చెప్పెను. మన నిఘంటువులును దానిని గైకొన్నవి. హకారముతో నున్న యీ రూపము గ్రీకునుండి వచ్చిన యెరవు. కావునఁ దెలుఁగుకవికి సూర్యుఁడనుట వారసత్వము, హేళి యనుట యెరవు; రెండును మొదట నొకే మూలమునుండి చీలినవి.

ఈ హేలియోస్ మఱొకసారి మన తెలుఁగునేలను దాఁకినది. 1868 ఆగస్టు 18వ తేదీ సంపూర్ణసూర్యగ్రహణమును బరిశీలించుటకై ఫ్రాన్సుదేశపు జ్యౌతిషికుఁడు జాన్సెన్ గుంటూరునకు వచ్చెను. ఆ గ్రహణమున సూర్యుని యంచునందలి జ్వాలల వెలుఁగును విడఁదీసి చూచినవారికిఁ బ్రకాశరేఖలు గనఁబడెను. ఆ యేఁటనే యింగ్లండున లాకియర్ చేసిన పరిశీలనముతో నందలి పసుపురేఖ భూమిపై నెఱిఁగిన యే ద్రవ్యమునకును జెందదని తోఁచెను. సూర్యునిలోఁ గనఁబడుటచే దానికి హేలియోస్ శబ్దమునుండి హీలియము అని పేరిడిరి. నేఁడు పాఠశాలలోఁ దెలుఁగుపండితుఁడు పద్యమున హేళిశబ్దమునకు సూర్యుఁడని ప్రతిపదార్థము చెప్పుచుండఁగాఁ, బ్రక్కగదిలో రసాయనశాస్త్రోపాధ్యాయుఁడు హీలియమును జెప్పుచుండును. నడుమనున్న గోడ సన్ననిది. గుంటూరు గ్రహణముకథ యాగోడకుఁ దలుపు. కాని యాతలుపును దెఱచువా రరుదు.

పోలికల మోసము

మూఁడవ విధమగు యాదృచ్ఛికసామ్యమున కొకటి రెండుదాహరణములు చాలును. హోమోజీనియస్ అనుచోటి 'హోమో' గ్రీకు, సమమని యర్థము. హోమో సేపియెన్స్ అనుచోటి 'హోమో' లాటిను, మనుష్యుఁ డని యర్థము. వ్రాఁత యొకటే, వంశములు రెండు. పీడియాట్రిక్స్ అనుచోటి 'పీడ్' గ్రీకుభాషలోని బాలవాచకము, అది శిశువైద్యము. పెడల్ అనుచోటి 'పెడ్' లాటినుభాషలోని పాదవాచకము; మన పాదశబ్దమునకు సహజన్మము. శిశువైద్యమును బీడతో ముడివేసిన విద్యార్థిని మందలించుటకు మన కధికార మెక్కడిది? మనము లిప్తను బూఁతతో ముడివేసితిమి గదా! ఊరిపేళ్ల విషయమునను నింతే. మధిరశబ్దమును మదిరాశబ్దముతోఁ గలుపుట యెంత సులభము! కాని దకారధకారభేదమునకు సమాధానము, పూర్వవ్యవహారమునకు నిదర్శనము లేక యట్టి మాట చెప్పినవాఁడు వినోదింపఁజేయునే గాని నిరూపింపఁడు.

ఇచ్చిన ఋణము

యవనులయొద్ద మనము గొన్నామని చెప్పుటవలన మన గౌరవమునకు లోప మేమియు లేదు. వాణిజ్యమునఁ గొనువాఁడే యమ్మువాఁడు కూడ. మా వైరాయేటి నీరు మున్నేటఁ గలిసి కృష్ణను జేరును. ఆ కృష్ణ సముద్రమునఁ గలియు ప్రాంతమును రెండవ శతాబ్దమున టాలమీ మైసోలియా యని పేర్కొని, యందలి రేవును గొంటకొస్సూల యనెను. అది నేఁటి ఘంటసాల యని చరిత్రకారులు చెప్పుదురు. పైకిఁ బోయి నాగార్జునకొండను జూచినచో నచ్చటి యిక్ష్వాకుశాసనమున రోమకనాణెమగు దినారియొక్క పేరు గలదు. నాణెము వచ్చినత్రోవను మాటలు రావా? సరకు పోయినత్రోవను మాటలు పోవా?

పిప్పలి గ్రీకున 'పెపేరి'యై, యింగ్లీషున పెప్పర్ అయినది. శర్కర 'సక్ఖరోన్' అయి, శాకరిన్ అను మాటకు మూలమైనది. అన్నిటికంటె నాశ్చర్యకరము అల్లముకథ. గ్రీకున 'జింగిబెరిస్', ఇంగ్లీషున జింజర్. మూలము సంస్కృతపు శృంగబేరమని నిఘంటువులు చెప్పును. కొమ్మువంటి దేహము గలది యని మనవారు విగ్రహము చెప్పుదురు. అల్లపుఁగొమ్మును జూచినవారికి నది యుచితముగానే తోఁచును. కాని తమిళమున దాని పేరు ఇంజి. వేర్ అనఁగా మూలము. ఆ ద్రావిడపదమును వినిన సంస్కృతవ్యవహర్తలు దానిని దమ చెవి కనుగుణముగా శృంగబేరముగా మలిచిరని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. కుమారిలుఁడు హెచ్చరించిన తప్పే యిది. అయినను లోకమంతటఁ దిరిగినది. జింజర్ అను మాటచివర నుండి మన 'వేరు' తొంగిచూచుచున్నది. ఇంగ్లీషుపదమునకు గ్రీకుమూలము, గ్రీకుపదమునకు సంస్కృతమూలము, సంస్కృతపదమునకు ద్రావిడమూలము. ఎచ్చట నాఁగవలయునో నిర్ణయించునది యభిమానము గాదు, సాక్ష్యము.

ఫలితము

ఈ విచారమువలన ఫల మేమని యడుగవచ్చును. భాషాపండితులకుఁ దరగతి యున్నది; పిల్లల యెదుట వారి మాట ప్రమాణము. ఇంగ్లీషుపదమున కెల్ల సంస్కృతధాతువును జూపిన పండితునిమాటను బిల్లలు కొంతకాలము మెచ్చుదురు; పెరిగి నిఘంటువును జూచిననాఁడు హోరతోఁ బాటు పాణినినిఁ గూడ నవ్వుదురు. మన కల్పనలకుఁ బాణిని పూఁటకాఁపు గాఁడు. నిజమునకుఁ బాణిని యవనశబ్దమును స్వయముగా సూత్రమునఁ బఠించెను; యవనుల లిపి యను నర్థమున యవనానీశబ్దమును గాత్యాయనుఁడు వ్యవస్థ చేసెను. పరదేశీయమును బరదేశీయముగా గుర్తించి చోటిచ్చుట వారి మర్యాద. మన యాంధ్రలాక్షణికు లన్యదేశ్యమను విభాగము నేర్పఱచుటయు నట్టిదే.

కావున నా మనవి యిది. పదమును జూచినంతనే ధాతువును వెదకవలదు. తొలుత దాని ప్రయోగచరిత్రను వెదకవలయును. ధ్వనిసామ్యము గనఁబడినచో, అది నియమముగా మఱి నాలుగుచోట్లఁ గానవచ్చునా యని చూడవలయును. రూపము కుదిరినను నర్థము కుదురనిచో వ్యుత్పత్తిని విడువవలయును. పూర్వాచార్యులు 'కొందఱు' అని చెప్పినచోట మనము 'అందఱు' అనరాదు. ఇట్లు విచారించినచో వ్యాకరణమునకు హాని లేదు. దాని రాజ్యమునకు సరిహద్దు తెలియును. సరిహద్దు తెలిసిన రాజ్యమే సుస్థిరము.

ఇందు నేను జెప్పినవానిలోఁ బొరపాటున్నచో నదే ప్రమాణముతోఁ బరీక్షించి త్రోసివేయుటకుఁ బండితు లధికారులు. మండలకేంద్రమునకు వచ్చి సెంటరులో దిగు విద్యార్థికి, తా నొకే మాటను రెండుసార్లు పలికితినని తెలియఁజెప్పఁగలిగిన నాఁడు, మన పాఠము చరితార్థ మగును.